పాత అంబాసిడర్ హెడ్‌లైట్లు: వోల్టు ఎక్కడ పోతోంది?

పాత అంబాసిడర్‌లో హెడ్‌లైట్లు మసకబారితే చాలామంది చేసే మొదటి పని బల్బులు మార్పించడం. 60 వాట్లవి తీయించి 100 వాట్లవి వేయిస్తారు. కొన్నాళ్లు వెలుగు పెరిగినట్టే ఉంటుంది. తరవాత డాష్‌బోర్డు దగ్గర కాలిన వాసన మొదలవుతుంది. డిప్పర్ నొక్కితే ఒక్కోసారి రెండు దీపాలూ ఆరిపోయి మళ్లీ వెలుగుతాయి. ఇంకొన్నాళ్లకు వైర్ల కట్ట కరిగి ముద్దయి బండి షెడ్డుకు చేరుతుంది. ఇంత జరిగినా లోపం బల్బులో లేదు. బ్యాటరీలో ఉన్న వోల్టేజీ బల్బు దాకా చేరడం లేదు. అది దారిలో ఏ అతుకు దగ్గర పోతోందో కొలిచి పట్టుకోవచ్చు. మామూలు మల్టీమీటరు, కాస్త ఓపిక ఉంటే చాలు.

హిందూస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివరి నుంచి 2014 దాకా అంబాసిడర్‌ను తయారుచేసింది. దాని మూలం బ్రిటన్‌లో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. కలెక్టరాఫీసు ఆవరణలోనో, రైల్వే స్టేషన్ ముందు టాక్సీ స్టాండులోనో ఈ బండిని చూడకుండా పెరిగిన తెలుగువాళ్లు ఒక తరంలో లేరనే చెప్పాలి. ఇప్పుడు మిగిలినవాటిని ప్రేమతో కాపాడుకుంటున్నవారు ఉన్నారు. పెయింటుకు, క్రోమ్ మెరుపుకు, సీట్లకు ధారాళంగా ఖర్చుపెడతారు. వైరింగు మాత్రం కంటికి కనబడదు కాబట్టి దశాబ్దాల నాటిదే ఉండిపోతుంది. రాత్రి ప్రయాణంలో ప్రాణం కాపాడేది అదే కాబట్టి ముందుగా డబ్బు పెట్టాల్సింది దాని మీదే అని నా అభిప్రాయం.

బల్బుకు కరెంటు వచ్చే దారి ఊహించినంత చిన్నది కాదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి మందపాటి కేబుల్ స్టార్టర్ సోలెనాయిడ్ దాకా వస్తుంది. అక్కణ్నుంచి గోధుమరంగు వైరు రెగ్యులేటర్ పెట్టె మీదుగా డాష్‌బోర్డులోని లైటు స్విచ్‌కు వెళ్తుంది. స్విచ్ నుంచి నీలం వైరు డిప్పర్‌కు. డిప్పర్ నుంచి రెండు పాయలు: నీలం మీద తెల్లచార ఉన్నది హై బీమ్‌కు, నీలం మీద ఎర్రచార ఉన్నది లో బీమ్‌కు. ఇవి గ్రిల్ వెనక బుల్లెట్ కనెక్టర్లలో కుడి ఎడమలుగా చీలి ఒక్కో దీపం హోల్డర్‌లోకి చేరతాయి. బల్బు వాడుకున్నాక కరెంటు నల్లవైరు ద్వారా బాడీ రేకులోకి దిగి, ఆ రేకు గుండానే బ్యాటరీ నెగటివ్‌కు తిరిగివస్తుంది. బ్రిటిష్ కార్లలో లూకాస్ కంపెనీ విద్యుత్ సామగ్రితో పాటు వచ్చిన రంగుల పద్ధతి ఇది. మన బండి ఎన్నో చేతులు మారి ఉంటే, దొరికిన రంగు వైరుతో అతికిన ముక్కలూ మధ్యలో కనబడతాయి. అందుకే రంగును నమ్మేముందు ఒకసారి మీటరుతో సరిచూసుకోవాలి.

ఆ దారిలో ఉన్న ప్రతి స్క్రూ, ప్రతి లగ్, ప్రతి కనెక్టర్ ఒక చిన్న నిరోధం. కొత్తగా ఉన్నప్పుడు అది లెక్కలోకి రానంత తక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ ఇత్తడి మీద నల్లటి పొర, రాగి మీద చిలుము పడతాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఆ పని ఇంకా త్వరగా చేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇక్కడ చేతికి అందేంత దగ్గరగా కనిపిస్తుంది. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండూ కలిస్తే 10. ఆ 10 ఆంపియర్లు ఒక్క పదోవంతు ఓమ్ నిరోధం ఉన్న అతుకు గుండా వెళ్తే అక్కడ 1 వోల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. గోరంత ఇత్తడి ముక్క మీద 10 వాట్లంటే తక్కువ వేడి కాదు. ఆ వేడికి కనెక్టర్ బిగువు సడలుతుంది, పొర ఇంకా మందమవుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి మరింత పెరుగుతుంది. అలాంటి చోట 100 వాట్ల బల్బులు వేస్తే కరెంటు 16 ఆంపియర్లకు చేరుతుంది. వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి ఆ అతుకులో పుట్టేది 25 వాట్లు దాటుతుంది. అది చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి. డాష్‌బోర్డు వెనక వైరు కరగడానికి కారణం ఇదే.

పోయింది ఒకటి రెండు వోల్టులే కదా, దానికే ఇంత మసకా అనే సందేహం సహజం. బ్యాటరీ దగ్గర 12.2 వోల్టులు ఉండి బల్బు దగ్గర 10.6 మాత్రమే ఉందనుకుందాం. వోల్టేజీలో తగ్గుదల 13 శాతం. బల్బు వాడుకునే విద్యుత్తులో తగ్గుదల దాదాపు 20 శాతం. వెలుగులో మాత్రం అది 38 శాతం వరకూ ఉంటుంది. టంగ్‌స్టన్ ఫిలమెంట్ వెలుగు వోల్టేజీకి దాదాపు 3.4వ ఘాతంలో మారడమే ఇందుకు కారణం. హాలోజన్ ఫిలమెంట్ 3000 కెల్విన్‌లకు అటూఇటూగా మండుతుంది. అంత వేడి మీద కూడా అది వెదజల్లే శక్తిలో ఎక్కువ భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. ఉష్ణోగ్రత కాస్త తగ్గితే కనిపించే వెలుగు వాటా మొత్తం శక్తికంటే వేగంగా పడిపోతుంది, అందులోనూ నీలం ముందుగా తగ్గి ఎరుపు మిగులుతుంది. దీపం పసుపుపచ్చగా మారడం వోల్టేజీ పడిపోయిందనడానికి కంటితోనే తెలిసే గుర్తు.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకో విషయం తెలుస్తుంది. వోల్టేజీ పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు 13వ ఘాతంలో పడిపోతుంది. 5 శాతం ఎక్కువైతే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. దీపాలు దివ్యంగా వెలుగుతూ బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే బల్బు కంపెనీని తిట్టుకోకుండా రెగ్యులేటర్‌ను చూపించండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.4 వోల్టులకు మించి బాగా పైకి పోతుంటే లోపం అక్కడుంది.

ఇక కొలవడం. ఇక్కడే చాలామంది మెకానిక్కులు కూడా పొరబడతారు. హోల్డర్‌ను బల్బు నుంచి పీకి, మీటరు పెట్టి చూస్తారు. 12 వోల్టులు పైనే చూపిస్తుంది. వైరింగు బాగానే ఉంది, బల్బే పోయింది అని తేల్చేస్తారు. బల్బు లేనప్పుడు ఆ దారిలో కరెంటు దాదాపు లేదు. మీటరు లాక్కునే కరెంటు లెక్కపెట్టలేనంత స్వల్పం. కరెంటు లేకపోతే నిరోధం మీద వోల్టేజీ పడదు కాబట్టి, వందల ఓమ్‌ల చిలుము ఉన్న అతుకు కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. బల్బు తగిలించి, వెలుగుతూ ఉండగానే కొలవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం సమస్యలు దొరికిపోతాయి.

పద్ధతి ఇలా. మీటరును డీసీ 20 వోల్టుల స్థానంలో పెట్టండి. ఇంజన్ ఆపి, హై బీమ్ వేసి ముందు బ్యాటరీ రెండు కొనల మధ్య కొలవండి. తరవాత దీపం హోల్డర్ వెనక నుంచి సన్నని ప్రోబ్ దూర్చి బల్బు రెండు కొనల మధ్య కొలవండి. ఈ రెండింటి తేడాయే దారిలో పోయిన వోల్టేజీ. అది ఏ పక్క పోతోందో తేల్చడానికి ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది బల్బు తెల్లచార వైరు మీద పెట్టండి. వచ్చిన అంకె సరఫరా వైపు నష్టం. అలాగే ఒకటి బల్బు నల్లవైరు మీద, ఇంకొకటి బ్యాటరీ నెగటివ్ మీద పెడితే ఎర్త్ వైపు నష్టం తెలుస్తుంది. పై ఉదాహరణలో 1.6 వోల్టులు పోయాయి. అందులో సరఫరా వైపు 1.2 ఉంటే ఎర్త్ వైపు 0.4 ఉండి తీరాలి. కిర్కాఫ్ 1845లో చెప్పిన నియమం ప్రకారం ఆ రెండూ కలిపితే మొత్తం నష్టానికి సరిపోవాలి. సరిపోకపోతే ప్రోబ్ ఎక్కడో సరిగా ఆనలేదన్నమాట. మళ్లీ కొలవాలి.

సరఫరా వైపు అరవోల్టు దాకా ఓర్చుకోవచ్చు. ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటితే ఊరుకోకూడదు. నష్టం ఎక్కువగా ఉన్న పక్కన ఒక ప్రోబ్‌ను బ్యాటరీ దగ్గరే ఉంచి రెండోదాన్ని దారి వెంట ఒక్కో అతుకుకూ జరుపుతూ రండి. స్విచ్‌కు ముందు, తరవాత. డిప్పర్‌కు ముందు, తరవాత. బుల్లెట్ కనెక్టర్‌కు ఈ పక్క, ఆ పక్క. ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగురుతుందో అక్కడే దొంగ దొరికినట్టు. అతుకుల్లో కాకుండా వైరు పొడవునా కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తే ఆ వైరే సన్నం. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ 4 మీటర్ల పొడవుంటే దాని నిరోధం సుమారు 0.07 ఓమ్. 10 ఆంపియర్లకు అదొక్కటే 0.7 వోల్టు మింగేస్తుంది.

అనుభవం మీద చెబితే, పాత అంబాసిడర్లలో ముందుగా అనుమానించాల్సింది నేల మీద కాలితో నొక్కే డిప్పర్ స్విచ్. బూట్ల బురద, కార్పెట్ కింద చేరిన తడి, దుమ్ము అన్నీ దాని మీదకే వస్తాయి. పైగా రెండు దీపాల కరెంటూ దాని కాంటాక్టుల గుండానే పోతుంది. నొక్కిన ప్రతిసారీ లోపల చిన్న మెరుపు పుట్టి కాంటాక్టు మీద కార్బన్ పడుతుంది. లో బీమ్ రెండు వైపులా పోయి హై బీమ్ మాత్రం వెలుగుతుంటే బల్బుల దగ్గరికి వెళ్లడం వృథా, డిప్పర్ విప్పాలి. ఒక వైపు ఒక బీమ్ మాత్రమే పోతే బల్బో, ఆ హోల్డరో. గుంతలో పడినప్పుడు ఒక దీపం ఆరి వెలుగుతుంటే హోల్డర్ లూజ్ అయింది. రెండు దీపాలూ, రెండు బీములూ ఒకేసారి పోతే స్విచ్చో, దాని ముందున్న గోధుమరంగు వైరో. రెండు దీపాలకు ఉమ్మడిగా ఉన్న భాగం ఏది, విడివిడిగా ఉన్నది ఏది అని ఆలోచిస్తే పానా పట్టకముందే సగం జవాబు వస్తుంది.

ఎర్త్ సంగతి వేరు. అది చెడితే వచ్చే లక్షణాలు వింతగా ఉంటాయి, సీనియర్ ఎలక్ట్రీషియన్లనూ తికమకపెడతాయి. ఎడమ దీపం నల్లవైరు తెగిందనుకోండి. లో బీమ్ వేశారు. కుడి దీపం మామూలుగా వెలుగుతుంది. ఎడమ దీపంలో హై, లో ఫిలమెంట్లు రెండూ కలిపి నిప్పుకణికల్లా ఎర్రగా కనిపిస్తాయి. డాష్‌బోర్డు మీద హై బీమ్ సూచించే నీలిదీపం కూడా సన్నగా వెలుగుతుంది. లో బీమ్ వేస్తే హై బీమ్ దీపం ఎందుకు వెలగాలి?

కరెంటు దారి వెంట నడిస్తే విషయం తెలుస్తుంది. ఎడమ బల్బులో లో ఫిలమెంట్ దాటిన కరెంటు ఎర్త్‌లోకి దిగాలి. దారి తెగిపోయింది. ఆ బల్బులో రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ కొన ఒకటే కాబట్టి, కరెంటు హై ఫిలమెంట్‌లోకి వెనక నుంచి దూరి తెల్లచార వైరులోకి ఎక్కుతుంది. ఆ వైరు కుడి దీపం హై ఫిలమెంట్‌కూ కలిసే ఉంది. అక్కడికి వెళ్లి, కుడి దీపం ఎర్త్‌లోంచి దిగిపోతుంది. అంటే మూడు ఫిలమెంట్లు వరసగా చేరి 12 వోల్టులను పంచుకున్నాయి. ఒక్కోదానికి 4 వోల్టులు. ఆ వోల్టేజీకి వచ్చే వెలుగు మామూలు వెలుగులో రెండు మూడు శాతం మించదు. నీలిదీపం తెల్లచార వైరుకే తగిలి ఉంటుంది కాబట్టి దానికీ ఆ 4 వోల్టులు అందుతాయి. పాఠశాలలో చదివిన శ్రేణి సంధానం ఇంత స్పష్టంగా కళ్లముందు నిలబడే చోటు ఇంకొకటి నేను చూడలేదు. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఎవరైనా ఈ ఉదాహరణను తరగతిలో వాడుకోవచ్చు. రెండు బల్బులు, నాలుగు వైర్లు చాలు.

ఇండికేటర్ వేసినప్పుడు దానితోపాటు హెడ్‌లైట్ కూడా మినుకుమంటోందా? ఆ రెండూ ఒకే ఎర్త్‌ను పంచుకుంటున్నాయి, ఆ ఎర్త్ బాగాలేదు. కొత్తగా పెయింటు వేయించిన బండికి ఈ బాధ ఎక్కువ. ఎర్త్ లగ్ బిగించే చోట ప్రైమర్, పెయింటు పూత పడితే లోహానికీ లోహానికీ మధ్య పొర చేరుతుంది. ఆ చోటును ఎమరీ కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, తరవాత పైన వాసెలిన్ రాయాలి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిన ఎర్త్ పట్టీని కూడా చూడండి. అది తెగిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు వందకు పైబడిన ఆంపియర్లు వేరే దారి వెతుక్కుంటాయి. ఆక్సిలరేటర్ కేబులో, చోక్ కేబులో ఆ భారం మోసి వేడెక్కిపోతుంది. కేబుల్ పట్టేస్తోందని కేబులే మారుస్తూ పోతే ప్రయోజనం ఉండదు.

కొన్ని లక్షణాలకు వైరింగు బాధ్యత లేదు. డైనమో ఉన్న బండి ఐడిలింగులో నిలబడితే దీపాలు కాస్త తగ్గడం మామూలే, ఆ వేగంలో డైనమో ఛార్జి చేయదు. లూకాస్ సీ40 రకం డైనమో ఇచ్చే గరిష్ఠ కరెంటే 22 ఆంపియర్లు. అందులో 16 ఆ 100 వాట్ల హెడ్‌లైట్లకే పోతే వైపరుకు, హారన్‌కు, ఇగ్నిషన్‌కు, బ్యాటరీకి మిగిలేది ఎంతో మీరే లెక్కవేసుకోండి. ఆల్టర్నేటర్ ఉన్న తర్వాతి బళ్లలో ఈ ఇబ్బంది తక్కువ.

అతుకులన్నీ శుభ్రం చేశాక రిలే గురించి ఆలోచించాలి. వరస ముఖ్యం. చెడ్డ ఎర్త్ అలాగే ఉంచి రిలే కిట్ తగిలిస్తే డబ్బు దండగ. రిలే అంటే చిన్న విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్. దానిలో 85, 86 అనే కొనల మధ్య తీగచుట్ట ఉంటుంది. అది తీసుకునేది ఒక ఆంపియరులో ఐదోవంతు. అంత స్వల్ప కరెంటు పారగానే లోపలి రేకు అతుక్కుని 30, 87 కొనలను కలుపుతుంది. పాత తెల్లచార వైరు ఇక చుట్టకు సంకేతం ఇస్తే చాలు. హెడ్‌లైట్ల భారమంతా బ్యాటరీ నుంచి 30లోకి, 87 నుంచి బల్బులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు మీద నేరుగా వెళ్తుంది. హై బీమ్‌కు ఒకటి, లో బీమ్‌కు ఒకటి పెట్టుకోవాలి. పాత స్విచ్, డిప్పర్ అసలు రూపంలోనే ఉంటాయి, వాటి మీద భారం దాదాపు సున్నా అవుతుంది. బండి పాతదనం చెడకుండా చేయగలిగిన మార్పుల్లో ఇంతకంటే మేలైనది నాకు తెలియదు. 60/55 వాట్ల హాలోజన్ బల్బే నిండు వోల్టేజీతో వెలిగితే 100 వాట్ల బల్బు అవసరం రాదు.

ఎల్ఈడీ బల్బుల వైపు మొగ్గేవారికి ఒక మాట. 7 అంగుళాల దీపంలో అద్దం, రిఫ్లెక్టరు రెండూ ఫిలమెంట్ ఉండే కచ్చితమైన చోటును బట్టి తయారయ్యాయి. హాలోజన్ బల్బు లో ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది, అది వెలుగును రిఫ్లెక్టరు పైసగానికే పరిమితం చేసి రోడ్డు మీదికి దించుతుంది. ఎల్ఈడీ చిప్పులు సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో లేకపోతే వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. విదేశాల నుంచి దీపాలు తెప్పించుకునేవారు అద్దం గీతలను గమనించాలి. కుడివైపు నడిచే దేశాల అద్దం లో బీమ్‌ను కుడి పక్కకు పంపుతుంది. మన రోడ్ల మీద అది ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు ముఖంలోకే వెళ్తుంది. ఇంకోటి, 1960ల మధ్యకు ముందు వచ్చిన బ్రిటిష్ తరహా బళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది. మామూలు బల్బుకు కరెంటు ఎటు పారినా ఒకటే. ఎల్ఈడీకి, లోపల డయోడ్ ఉన్న రిలేకి అది ఒకటి కాదు. పని మొదలుపెట్టేముందు బ్యాటరీలో ఏ కొన బాడీకి తగిలి ఉందో చూసుకోండి.

వైర్ల మీది తొడుగు వేలితో వంచితే పొడిపొడిగా రాలిపోతుంటే మరమ్మతుల గురించి ఆలోచించకండి. టేపు చుట్టి నెట్టుకురావడం ఆ దశలో ప్రమాదకరం. మొత్తం హార్నెస్ మార్చడమే దారి.

చివరగా ఒక విన్నపం. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్లలో చాలావాటికి హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజే ఉండేది కాదు. ఎక్కడో ఒక వైరు రేకుకు తగిలి షార్ట్ అయితే బ్యాటరీ ఇవ్వగలిగినంత కరెంటూ ఆ సన్నటి వైరులోకే పోతుంది, ఆపేది ఏదీ ఉండదు. పైన చెప్పిన పనులు ఒక్కొక్కటిగా తీరిక చూసుకుని చేయించుకోవచ్చు. ఫ్యూజు మాత్రం ఈ వారమే వేయించండి. బ్యాటరీ నెగటివ్ కొన విప్పించి, బ్యాటరీ నుంచి లైటు స్విచ్‌కు వెళ్లే వైరు మొదట్లో, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఒకటి పెట్టించండి. దాని రేటింగు ఆ వైరు ఎన్ని ఆంపియర్లు మోయగలదో దాన్ని మించకూడదు. రిలే వేయించిన రోజున కుడి దీపానికొకటి, ఎడమ దీపానికొకటి 15 ఆంపియర్ల ఫ్యూజులు విడిగా వేయించండి. అప్పుడు ఒకటి పోయినా రెండో దీపం మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది.